నీలి దీపాల గృహప్రవేశం

ఇన్నేళ్లు సర్వర్లతో కాపురం చేశానని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాను కానీ, నిజానికి వాటి ముఖం చూసింది తక్కువ. నేను సుచిత్ర జంక్షన్ దగ్గర ఒక భవనం మూడో అంతస్తులో, కింది బండి మీద వేగే మిర్చి బజ్జీల ఘాటుకు తుమ్ముతూ కూర్చునేవాణ్ణి. అవి శామీర్‌పేట దాటాక, పొలాల మధ్య ఓడలా కనిపించే తెల్లటి భవనంలో, కశ్మీరు చలిలో నిలబడేవి. అక్కడ ఒకటి మొండికేస్తే ఇక్కడ నేను మీట నొక్కేవాణ్ణి, అది ఠక్కున చచ్చి మళ్లీ బతికేది. ఇంత పెద్ద ఉద్యోగం చేసి, చొక్కాకు రవ్వంత దుమ్ము కూడా అంటకుండా రిటైరైన మనిషి భూప్రపంచంలో నేనొక్కణ్ణేనని నా గట్టి నమ్మకం.

రిటైరంటే వయసైపోయి కాదు. యాభై దాటీ దాటకముందే కంపెనీ వారు ఎంతో మర్యాదగా నన్ను ఇంటికి పంపారు. దండ కూడా వేశారు. ఆ దండ బరువుకు నా మెడ ఇప్పటికీ కొంచెం ఎడమవైపు వాలి ఉంటుంది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏది?" అని అడుగుతుంటారు. పెద్ద ప్రమాదమో, అర్ధరాత్రి సాహసమో చెబుతానని చెవులు రిక్కిస్తారు. నేను ఒక గృహప్రవేశం గురించి చెబుతాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మీరూ అలాగే చూసుకోవచ్చు, కాకపోతే చివరిదాకా లేవకండి.

ముందు కంట్రోలర్ అనే ప్రాణిని పరిచయం చేయాలి. ప్రతి సర్వర్ లోపలా ఒక మూల గోరంత చిప్పు ఉంటుంది. పెద్ద కంప్యూటర్ కడుపులో కూర్చున్న బుల్లి కంప్యూటర్ అది. దాని నెట్‌వర్కు వైరు వేరు, దాని బుర్ర వేరు. సర్వర్‌ను పూర్తిగా ఆపేసినా అది మాత్రం మేలుకునే ఉంటుంది, ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్తే అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లందరినీ ఆరా తీసే అవ్వలాగా. సర్వర్‌కు ఒళ్లెంత కాలుతోందో, ఫ్యాన్లు ఎంత గోల చేస్తున్నాయో ఆ అవ్వే మాకు కబురు పెట్టేది. లేపమంటే లేపేది, పడుకోబెట్టమంటే పడుకోబెట్టేది. మేము సుచిత్రలో టీ తాగుతూ శామీర్‌పేటలో సంసారం నడిపామంటే ఆ అవ్వల చలవే.

ఈ అవ్వలకు ఇంకో విద్య ఉంది. ఇక్కడ మీట నొక్కితే అక్కడ ఆ సర్వర్ ముఖాన చిన్న నీలి దీపం వెలిగిస్తాయి. ఒకే అచ్చులో పోసిన యంత్రాలు వందకు పైగా బారులు తీరి నిలబడితే, మనకు కావలసింది ఏదో గుర్తుపట్టాలి కదా. నా లెక్కన ఈ రంగంలో ఇంతకన్నా అందమైన సంగతి ఇంకోటి లేదు.

ఆ సర్వర్ల హాల్లో మా తరఫున ఉండే మనిషిది శామీర్‌పేటే. మీసం మెలితిప్పితే రెండు కొసలూ చెవులకు తగిలేవి. బయట రోళ్లు పగిలే ఎండలోనూ, లోపలి చలికి స్వెటరు, మంకీ క్యాపు వేసుకుని పెద్దపులిలా తిరిగేవాడు. అతనూ నేనూ ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరిలో ఎవరికీ అక్కచెల్లెళ్లు కూడా లేరు. అందుకే ఆ బావరికం ఇన్నేళ్లు గొడవల్లేకుండా సాగింది.

ఏ యంత్రం వైరైనా పీకేముందు మా ఇద్దరి మధ్యా ఒక తంతు జరగాల్సిందే. నేను దీపం మీట నొక్కి ఫోనులో, "బావా, అంటిచ్చిన" అనేవాణ్ణి.

"ఎలుగుతాంది బావా."

"ఆర్పిన."

"ఆరింది."

"మల్ల అంటిచ్చిన."

"మల్ల ఎలుగుతాంది. ఇగ ముట్టుకోవాల్నా?"

"ముట్టుకో."

కొత్తగా చేరినవాళ్లు మా తంతు విని, ఈ ముసలోళ్లు మంత్రాలు చదువుతున్నారని నవ్వుకునేవారు. నవ్వుకోనీ. మేమిద్దరం ఏనాడూ ఒకదాని బదులు ఇంకోదాన్ని పీకలేదు.

ఇక మా జట్టుకు లీడ్ ఒక కోస్తా అమ్మాయి. అమ్మాయంటే నాకు అమ్మాయి. జట్టులో మిగతావాళ్లకు సింహస్వప్నం. భర్త బ్యాంకు ఉద్యోగి. పెళ్లయినప్పటి నుంచీ మచ్చ బొల్లారంలో అద్దె ఇల్లు. ఆ ఇంటి ఓనరు డాబా మీద బట్టలారేసుకోవడానికి కూడా టైంటేబుల్ రాసి గోడకు అంటించిన మహానుభావుడు. మేకు కొడితే గోడకు నొప్పి అని కేలెండరు కూడా తగిలించనివ్వలేదు. అందుకని మొగుడూ పెళ్లాలు కౌకూర్‌లో జాగా కొని, ఏళ్ల తరబడి పోగేసి, చివరికి ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి ప్రతి కిటికీ చరిత్రా టీ తాగేటప్పుడు మాకు వినిపించింది. వంటింటి గట్టుకు నల్ల గ్రానైటా, పచ్చ గ్రానైటా అనే విషయం మీద మా ఆఫీసులో ఓటింగ్ జరిగింది. నేను పచ్చ తరఫున గొంతు పోయేలా ప్రచారం చేశాను. డిపాజిట్ కూడా దక్కలేదు.

గృహప్రవేశం ముహూర్తం ఒక ఆదివారం పొద్దున వచ్చింది. సరిగ్గా అదే ఆదివారం పొద్దున మా క్లయింటుకు కూడా ముహూర్తం కుదిరింది.

ఆ క్లయింటు ఒక పెద్ద ఆసుపత్రి. వాళ్ల సర్వర్ల కంట్రోలర్లన్నిటికీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఆదివారం ఓపీ ఉండదు గనక అప్పుడే చేయాలన్నారు. దానికో షరతు పెట్టారు. ఒక్క కంట్రోలర్ మూగబోయి వెంటనే లేవకపోయినా సరే, లీడ్ స్వయంగా హాలుకి వచ్చి, అది పలికేదాకా దాని పక్కన నిలబడాలి. ఇంకెవరు వచ్చినా కుదరదు.

ఆమె ఆసుపత్రి వాళ్లను బతిమాలింది. మార్చలేమన్నారు. పంతులుగారిని బతిమాలింది. బొల్లారంలో పేరున్న పంతులుగారాయన, ఆయన గొంతెత్తితే అల్వాల్‌లో కుక్కలు లేచి నిలబడతాయి.

"నాదేమున్నదమ్మా, ఆదివారం గాకుంటె సోమవారం అందునుగని, సోమవారం సంది మూఢం" అన్నాడాయన. "శ్రావణం దాక ఆగుతనంటె ఆగు, నాకైతే ఏం పరేషాన్ లేదు."

పరేషానంతా ఆమెకే. మచ్చ బొల్లారం ఓనరు ఆ ఇంటిని అప్పుడే వేరేవాళ్లకు మాట ఇచ్చేశాడు, ఆ నెలాఖరుకు ఖాళీ చేయాలి. ముహూర్తం లేకుండా కొత్తింట్లో కాలు పెట్టేది లేదని అత్తగారు కచ్చితంగా చెప్పేసింది. అంటే, ఆ పొద్దున ఒక్క చిప్పు అలిగితే చాలు, మా లీడ్‌కు పాత ఇల్లు ఉండదు, కొత్త ఇల్లు అందదు.

మేనేజరు దగ్గరికి వెళ్తే, "నాకు రెండూ ముఖ్యమేనమ్మా" అన్నాడు. ఒకచోట పేరు, ఇంకోచోట భోజనం అని ఆయన ఉద్దేశం.

"నువ్వు పీటల మీద కూర్చోమ్మా. నేను మీ ఇంటికే ల్యాప్‌టాప్ తెచ్చుకుని పని నడిపిస్తా. పని ముగిసినట్టు నీ వేలిముద్ర పడాలి కదా, అదొక్కటీ వచ్చి వేసిపో" అన్నాను. నా త్యాగానికి ఆమె కళ్లు చెమర్చాయి. వంటవాళ్లు కాకినాడ నుంచి వస్తున్నారని నాకు ముందే తెలుసన్న విషయం ఆమెకు చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. కౌకూర్‌లో కొత్తిల్లు పెళ్లికూతురిలా ఉంది. మామిడాకుల తోరణం ఎంత మందంగా కట్టారంటే లోపలికి దూరేవాళ్లు కొమ్మలు తప్పించుకుంటున్నట్టు వంగాల్సి వచ్చింది. గడపకు పసుపు, వాకిట్లో షామియానా. దాని కింద పీటల మీద మా లీడ్, ఆమె భర్త. ముందు ఇక్కడ గణపతి పూజ, తరవాత ఆవు గడప దాటాలి, దాని వెనక దంపతులు దాటాలి, ఆపైన లోపల పాలు పొంగించాలి. నేను వరండా గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఫోను స్పీకరులో పెట్టి, అవతల శామీర్‌పేట హాల్లో ఉన్న బావను లైనులో ఉంచుకున్నాను.

అత్తగారు నా దగ్గరికి వచ్చి కళ్లజోడు సర్దుకుంది. "బాబూ, మైకు సెట్టు మీదేనా?"

"కాదండీ, నేను మీ కోడలి ఆఫీసు."

"ఓహో, పూజకి వచ్చి పని చేసుకుంటున్నారన్నమాట. మా అబ్బాయి పెళ్లిలో మా బావగారు ఇలాగే పేకాట తెచ్చుకున్నారు" అని వెళ్లిపోయింది.

పూజ మొదలైంది, నా పనీ మొదలైంది. అటు పంతులుగారు ఒక నామం చదివి పువ్వు వేయిస్తుంటే, ఇటు నేను ఒక కంట్రోలర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నాను. అది కళ్లు మూసుకుని, కాసేపు ఆలోచించి, కళ్లు తెరిచి "ఉన్నాను" అంటుంది. నేను పీటల వైపు చూసి బొటనవేలు ఎత్తుతాను. ఆమె నమస్కారం పెడుతున్నట్టే నాకూ తల ఊపుతుంది. దేవుడూ నేనూ సగం సగం పంచుకుంటున్నాం. సాఫీగా పోతోంది. కాకినాడ వంటవాళ్ల వైపు నుంచి వచ్చిన నేతి వాసన కూడా సాఫీగా పోతోంది.

వరసలో అన్నీ పలికాయి. ఒక్కటి పలకలేదు.

మళ్లీ పిలిచాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సర్వర్ మాత్రం లక్షణంగా నడుస్తోంది, దాని కడుపులో ఉన్న అవ్వే మూర్ఛపోయింది. నేను తల ఎత్తేసరికి మా లీడ్ నన్నే చూస్తోంది. బొటనవేలు లేవలేదని చూసింది. ఆమె చేతిలో అక్షతలు జారి పీట మీద పడ్డాయి.

ఇలాంటి మూర్ఛకు మందు ఒకటే. ఆ సర్వర్‌కు ఉన్న రెండు కరెంటు వైర్లూ పీకేసి, కాసేపు ఆగి, మళ్లీ పెట్టాలి. ఆసుపత్రి ఇంజినీరుకు ఫోన్ చేస్తే వెనక బ్యాండుమేళం వినిపించింది. ముహూర్తం ఊరందరికీ ఒకటే కదా. "దాని పని పక్కదానికి మార్చేశాను, ఆ ఒక్కదాన్ని పీకేసుకోండి. వేరేదాన్ని పీకారో, అడ్మిషన్ కౌంటర్లు ఆగిపోతాయి. నేను పెళ్లికొడుకు పక్కన ఉన్నా, మళ్లీ దొరకను" అని పెట్టేశాడు.

"బావా, పేరు జెప్తున్న, జూడు" అన్నాను ఫోనులో.

"పేరుదేమున్నది బావా. గీ చీటీల సంగతి నీకెర్క లేదా?"

ఆ చీటీలది పెద్ద పురాణం. హాలును మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు మార్చినప్పుడు, సామాను మోసే కంపెనీ వాళ్లు పేర్ల చీటీలు అంటించారు. మా పద్ధతిలో సర్వర్లు పెట్టిన బీరువా అరలను కింది నుంచి పైకి లెక్కపెడతాం. వాళ్లు పుస్తకం చదివినట్టు పై నుంచి కిందికి అంటించారు. సగంలో ఎవరో చెబితే మిగతా సగం కింది నుంచి అంటించారు. ఎక్కడ మారారో వాళ్లకే తెలియదు. అసలు నంబరు మూత మీద ఉంటుంది. అది చూడాలంటే సర్వర్‌ను ముందుకు లాగాలి, లాగితే వెనక వైర్లు ఊడతాయి. అందుకే కదా మేము దీపాల మీద బతుకుతున్నది. ఇప్పుడు ఆ దీపం వెలిగించాల్సిన అవ్వే స్పృహలో లేదు.

మేనేజరు ఫోన్ చేశాడు. "ఇంక ఆలస్యం వద్దు, ఆమెను బయలుదేరమను. ఆదివారం, శామీర్‌పేట రోడ్డంతా చెరువు చూసేవాళ్లూ, బిర్యానీ వాళ్లే."

నేను పీటల దగ్గరికి వెళ్లి, పంతులుగారి కొండంత గొంతు కింద నా గొంతు దాచుకుని చెప్పాను. ఆమె ఏడవలేదు. భర్త వైపు తిరిగి, "కారు తాళాలెక్కడ?" అంది.

"అమ్మా, ఇగ లగ్నం దగ్గరికొచ్చింది" అన్నాడు పంతులుగారు. "పీటల మీదికెళ్లి లేస్తె మల్ల కూసునుడు ఉండది. నేను ముందే జెప్తున్న."

అత్తగారు వచ్చేసింది. కోడలి ముఖం చూసింది, నన్ను చూసింది, నేరస్థుడు నేనేనని తేల్చుకుంది. "ఏం చేశారు బాబూ మా పిల్లని?"

"నేనేం చేయలేదండీ. శామీర్‌పేటలో ఒక యంత్రం ఎక్కడుందో తెలియడం లేదు. ఇక్కడ మీట నొక్కితే అక్కడ దీపం వెలగాలి. దానిది వెలగడం లేదు."

"ఇక్కడ నొక్కితే అక్కడ దీపమా?" ఆవిడ ముఖంలో కోపం పోయి, కొడుకు పెళ్లిలో బావగారి పేకాటను చూసినప్పటి అనుమానం వచ్చింది. "ఏదీ, చూపించండి."

అంత గండంలోనూ నా గొప్ప నాకు గుర్తొచ్చింది. వరండా గట్టు దగ్గరికి పరిగెత్తి, ఒక మంచి సర్వర్‌ను ఎంచి మీట నొక్కాను. "బావా, అంటిచ్చిన."

"ఎలుగుతాంది బావా. గని ఇది మంచిదే గద, దీన్నెందుకు అంటిచ్చినవ్?" అన్నాడు స్పీకరులో.

అత్తగారు గట్టు మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "శుభమా అని గృహప్రవేశం పెట్టుకుని, ఒక్క దీపం వెలిగిస్తారటండీ? ఒంటి దీపం ఎక్కడ పెడతారో తెలీదూ? వెలిగిస్తే అన్నీ వెలిగించండి, లేకపోతే అదీ వద్దు."

ఆర్పబోయాను. "వెలిగించింది ఆర్పుతారా?" అంది ఆవిడ. ఆ గొంతుకు నా చెయ్యి మీట మీది నుంచి వెనక్కి వచ్చింది. తెరమీద అన్నిటికన్నా పైన ఒక చిన్న గడి ఉంటుంది. దాన్ని నొక్కితే కింద ఉన్నవన్నీ ఒకేసారి ఎంపికైపోతాయి. సర్వీసు మొత్తంలో దాని జోలికి పోవద్దని ఎంతమందికి పాఠం చెప్పానో. ఆవిడ చూపుకు దాన్ని నొక్కి, మీట కూడా నొక్కేశాను.

అవతల బావ బూట్ల చప్పుడు ఠక్కున ఆగింది.

"బావా" అన్నాడు స్పీకరులో. "గిదేంది బావా. హాలు మొత్తం నీలమయిపోయింది. నా చేతులు నీలమున్నయ్. నా స్వెటరు నీలమున్నది. దివ్వెల పండుగ లెక్క మస్తుగుంది గని, ఇందుల నేనేది ఎతకాలె?"

"ఆర్పుతా ఉండు బావా, పొరపాటయింది."

"ఆర్పకండి" అని వినిపించింది వెనక నుంచి.

మా లీడ్ లేవలేదు. పీట మీద కూర్చునే, చేతికి కంకణంతో, కొంగు భర్త కండువాకు ముడివేసి ఉండగా మెడ మాత్రం ఇటు, బావ ఉన్న ఫోను వైపు తిప్పింది. "అన్నా, వినబడుతోందా? అన్నీ వెలిగాయా? వెలగనిది ఏదైనా ఉందేమో చూడండి. చచ్చిపోయిన కంట్రోలర్ దీపం వెలిగించలేదు. చీకటిగా ఉన్నదే మనది."

ఇన్నేళ్ల మా తంతులో దీపం వెలిగినదాన్ని వెతకడమే తెలుసు గానీ, వెలగనిదాన్ని వెతకవచ్చని నాకూ బావకూ ఒక్కనాడు కూడా తట్టలేదు. వినాయకుడి ముందు కూర్చుని ఉన్న మనిషికి తట్టింది.

బావ బూట్ల చప్పుడు ఒక వరస నుంచి ఇంకో వరసకు పోతోంది. షామియానా కింద అందరూ ఆ చప్పుడే వింటున్నారు. పంతులుగారు మంత్రం ఆపి, తాంబూలం బుగ్గన పెట్టుకుని మరీ వింటున్నాడు.

"దొరికింది మేడమ్. నడిమి వరుసల, మీది నుంచి మూడోది. చీకటి." ఇంకో నాలుగడుగులు. "ఆగుండ్రి. ఇంకోటి గూడ చీకటున్నది."

రెండు. ఒకటి మూర్ఛపోయినది, రెండోది ఎందుకు చీకటిగా ఉందో దేవుడికే తెలియాలి. తప్పుదాన్ని పీకితే ఆసుపత్రి కౌంటర్లు ఆగుతాయి. నేను తెర చూశాను. ఒక్కటి తప్ప అన్నీ వెలిగాయనే చెబుతోంది.

"బల్బు పోయిందేమో, సరిగ్గ జూడు బావా."

"బల్బు..." అని ఆగాడు. మాట మారింది. కొంచెం సిగ్గు చేరింది. "బావా, నువ్వేం అనుకోవద్దు. దసరనాడు ఆయుధ పూజ జేసిన గద. లోపల హారతి ఇయ్యద్దంటరు, కొబ్బరికాయ కొట్టద్దంటరు. కనీసం బొట్టన్న వెడదామని వరుసకొకదానికి గంధం బొట్టు వెట్టిన. దీనికి జర పెద్దగ వెట్టిన. గా బొట్టు దీపం మీదనే వడ్డట్టున్నది."

"తుడువు, జల్దీ తుడువు."

మంకీ క్యాపుతోనే తుడిచినట్టున్నాడు. "అబ్బ. కింద నీలంగ ఎలుగుతాంది బావా. దేవుని బొట్టు కింద దాసుకున్నది. ఇగ మిగిలింది ఒక్కటే, మీది నుంచి మూడోది. గుంజాల్నా?"

నేను ఆమె వైపు చూశాను. ఆమె తల ఊపింది.

"గుంజు బావా."

రెండు వైర్లూ ఊడిన చప్పుడు కౌకూర్ దాకా వినిపించిందని నేను చెబితే మీరు నమ్మరు. ఆసుపత్రి నుంచి ఫోను రాలేదు. అంటే సరైనదాన్నే పీకాం. కాసేపాగి బావ వైర్లు పెట్టాడు. ఇక అవ్వ కళ్లు తెరవాలి, అంతే. ఆ అవ్వలు మూర్ఛ నుంచి లేచేటప్పుడు చాలా తీరిగ్గా లేస్తాయి.

ఈలోపు ఆవును పట్టుకొచ్చారు. అది గడప ముందు నిలబడి, కొత్త గ్రానైట్‌లో తన ముఖం చూసుకుని, అడుగు వేయనంది. దాన్ని యాప్రాల్ నుంచి తెచ్చిన మనిషి అరటిపండు చూపించాడు. పండు తిని, మళ్లీ నిలబడింది. ఇటు తెరమీద చిన్న చక్రం తిరుగుతోంది, అటు ఆవు తోక తిరుగుతోంది. ఏది ముందు కదులుతుందో తెలియక జనం మెడలు అటూ ఇటూ తిప్పుతున్నారు. ఎవరో గోనెపట్టా తెచ్చి పరిచారు. ఆవు దాని మీద కాలు పెట్టి, మహారాణిలా గడప దాటి, వరండాలో ఉన్న నన్ను ఒకసారి తేరిపార చూసి లోపలికి పోయింది.

"లెవ్వుండ్రి, లగ్నంల ఉన్నం, ఇగ కాలు వెట్టాలె" అన్నాడు పంతులుగారు.

ఆమె లేచి నిలబడింది. గడప ముందు ఆగింది. కాలు పెడితే ఇక పూజ మధ్యలో బయటికి రావడానికి లేదు. అవ్వ పలకకపోతే ఇప్పుడే కారెక్కాలి. ఆమె చూపు గడప మీద లేదు, నా మీద ఉంది. భర్త ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

చక్రం ఆగింది. తెరమీద పేరు ఆకుపచ్చగా మారింది.

"బావా, నీలం వచ్చింది" అన్నాడు స్పీకరులో, నేనింకా మీట నొక్కకముందే అన్నట్టు నాకు గుర్తు. నిజానికి నేనే నొక్కి ఉంటాను, ఆ కంగారులో.

నేను బొటనవేలు ఎత్తాను. ఒకటి చాలదనిపించి రెండూ ఎత్తాను. ఆమె కుడికాలు గడప దాటింది. కాకినాడ వంటవాళ్లతో సహా అందరూ అక్షతలు చల్లారు. నా ల్యాప్‌టాప్ మీటల సందుల్లో ఆ బియ్యం చాలాకాలం దొరుకుతూనే ఉంది.

ఇక పని ముగిసినట్టు వేలిముద్ర వేయాలి. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి, ఆ నల్ల గ్రానైట్ గట్టు దగ్గరికి పరిగెత్తాను. ఆమె పొయ్యి వెలిగించి పాలు పెట్టి, వేలు ఆనించింది. యంత్రం గుర్తుపట్టలేదు. పసుపు. చీర కొంగుకు తుడవబోతే అత్తగారు, "పట్టుచీర" అని చెయ్యి పట్టుకుంది. చివరికి పంతులుగారి కండువాకు తుడిచాం. రెండోసారి కుదరలేదు, మూడోసారి ఒప్పుకుంది. అందరం తెరమీదికి వంగి ఉండగా వెనక చుయ్ మని చప్పుడు. పాలు పొంగి గట్టంతా పారుతున్నాయి. పాలను పట్టించుకోకుండా వదిలేసినందుకు అందరూ చప్పట్లు కొట్టిన వంటిల్లు నేనెక్కడా చూడలేదు. నల్ల గ్రానైట్ మీద తెల్లటి పాలు ఎంత అందంగా ఉన్నాయంటే, నా పచ్చ ప్రచారానికి మొదటిసారి సిగ్గుపడ్డాను.

భోజనాల సంగతి రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. పనసపొట్టు కూర తిని నేను లేవలేకపోతే ఇద్దరు పట్టి లేపారని మాత్రం చెప్పి ఊరుకుంటాను. మేనేజరు కూడా సరిగ్గా విస్తరి వేసే వేళకు వచ్చాడు. అత్తగారు ఆయన చేతికి పెద్ద క్యారియర్ ఇచ్చి, "ఆ శామీర్‌పేట అబ్బాయికి ఇచ్చి రండి నాయనా, చల్లారిపోకముందే" అంది. మేనేజరుకు ఎదురు చెప్పే అవకాశం దొరకలేదు. మా సంస్థ చరిత్రలో మేనేజరు హాలుకి స్వయంగా వెళ్లింది ఆ ఒక్కసారే.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. "బూరెలు మస్తున్నయ్ అని జెప్పు బావా. గని దీపాలు ఇంక ఆర్పరా? కండ్లు గుంజుతున్నయ్. బయటికెల్లి ఎండల జూస్తె ఎండ గూడ నీలంగనే కొడుతాంది."

అత్తగారు వింటూనే ఉంది. "ఆర్పడం అనకండి, కొండెక్కించడం అనండి" అంది. తరవాత కోడలి వైపు తిరిగింది. "నేను వెలిగించమన్నాను కాబట్టే కదా దొరికింది. సరే, ఇప్పుడు ఇంటి ఇల్లాలివి నువ్వు. నీ చేత్తో కొండెక్కించు."

మా లీడ్ కొత్త ఇంటి కొత్త నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. పైన ఉన్న ఆ పెద్ద గడి జోలికి పోలేదు. ఒక్కొక్క పేరే నొక్కుతూ పోయింది. అవతల బావ, "కొండెక్కింది. కొండెక్కింది" అంటూ నడుస్తున్నాడు. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఇంట్లో చుట్టాలందరూ చాపల మీద నిద్రపోయారు.

"మేడమ్, ఇంకొక్కటి ఉన్నది" అన్నాడు బావ. "మన మొండిది. మీది నుంచి మూడోది. ఎలుగుతనే ఉన్నది."

ఆమె వేలు మీట మీద ఆగింది. కంకణం ఉన్న ఆ చేత్తోనే ల్యాప్‌టాప్ మూత మెల్లగా మూసింది.

"దాన్ని ఉండనివ్వండి అన్నా. ఇవాళ్టికి."

బావ బూట్ల చప్పుడు ఆ మొండిదాని ముందు ఆగింది.

"ఉండనీ మేడమ్" అన్నాడు. "మంచిగ ఎలుగుతాంది."